ఫోన్‌కి వయసైపోయిందా, బ్యాటరీకా?

మూడేళ్లు వాడిన ఫోన్ ఒకటి ఊహించుకోండి. స్క్రీన్ మీద గీత పడలేదు, కెమెరా కొన్న రోజున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, యాప్‌లన్నీ బాగానే తెరుచుకుంటున్నాయి. ఒక్కటే ఇబ్బంది. పొద్దున 100 శాతంతో చార్జర్ నుంచి తీస్తే మధ్యాహ్నానికే 20కి దిగిపోతుంది, పైగా ఆ 20 చూపిస్తూ ఉండగానే ఠక్కున ఆగిపోతుంది. అప్పుడు ఎవరైనా ఏమనుకుంటారు? ఫోన్ పాతబడింది, కొత్తది చూసుకోవాలి అనుకుంటారు. నిజానికి పాతబడింది ఫోన్ కాదు, దాని లోపల ఉన్న ఒక పల్చటి పొట్లం మాత్రమే. అది మారిస్తే మిగతాదంతా ఇంకో మూడు నాలుగేళ్లు హాయిగా నడుస్తుంది. మరి ఎందుకు మార్చుకోలేకపోతున్నాం అన్నదే అసలు ప్రశ్న.

బ్యాటరీ ఎందుకు అరుగుతుందో ముందు చూడాలి, ఎందుకంటే మిగతా వాదనంతా దాని మీదే ఆధారపడి ఉంది. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక పక్క గ్రాఫైట్ పూసిన రాగి రేకు ఉంటుంది, ఇంకో పక్క లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ లాంటి పదార్థం పూసిన అల్యూమినియం రేకు ఉంటుంది, రెండూ తగలకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర, అన్నిటినీ తడిపి ఉంచే ఒక ద్రవం. చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి వెళ్లి చేరతాయి, ఫోన్ వాడేటప్పుడు వెనక్కి వస్తాయి. ఇలా పోయి వచ్చే క్రమంలో కొంచెం కొంచెంగా లిథియం ఆ గ్రాఫైట్ మీద పేరుకునే పొరలో చిక్కుకుపోతుంది, ఇక తిరిగి రాదు. ఆ పొర మందమైన కొద్దీ నిల్వ తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. 20 శాతం దగ్గర ఫోన్ ఆగిపోవడానికి కారణం ఎక్కువగా ఈ రెండోదే: కెమెరా తెరిచినప్పుడో గేమ్ మొదలుపెట్టినప్పుడో ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ అడుగుతుంది, అరిగిన బ్యాటరీ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది, ఫోన్ ప్రాణం పోయినట్టు ఆగిపోతుంది.

ఇది తయారీ లోపం కాదు, ఆ రసాయనం స్వభావమే అంత. వేడి తగిలితే ఇంకా త్వరగా అరుగుతుంది, ఎప్పుడూ నిండు చార్జ్‌లో ఉంచినా అంతే, అసలు వాడకుండా డ్రాయర్లో పడేసినా నెమ్మదిగా అరుగుతూనే ఉంటుంది. యాపిల్ తన లెక్క బయటికే చెబుతుంది: ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీలు 500 సైకిళ్ల తర్వాత 80 శాతం నిల్వ నిలుపుకునేలా చేసినవి, ఐఫోన్ 15 నుంచి అది 1000 సైకిళ్లు. సైకిల్ అంటే చార్జర్ పెట్టిన ప్రతిసారీ అని కాదు, మొత్తం కలిపి 100 శాతం వాడితే ఒకటి. రోజూ సగం సగం వాడితే రెండు రోజులకి ఒక సైకిల్ అన్నమాట. రోజుకి ఒక నిండు చార్జ్ ఖర్చుపెట్టేవాళ్లకి 500 సైకిళ్లంటే ఏడాదిన్నర కూడా రాదు.

ఇప్పుడు ఇంకో లెక్క పక్కన పెట్టి చూడండి. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చాయి. మంచిదే. కానీ ఏడేళ్లు నడిచే సాఫ్ట్‌వేర్‌ని మూడు నాలుగేళ్లలో నీరసించిపోయే బ్యాటరీ మీద పెట్టి, ఆ బ్యాటరీని జిగురుతో అతికించేస్తే ఆ ఏడేళ్ల మాటకి విలువేముంది? ఫోన్ జీవితకాలం ఎంత అన్నది చివరికి ప్రాసెసర్ చెప్పడం లేదు, అప్‌డేట్లు చెప్పడం లేదు, మొదటి బ్యాటరీ తర్వాత రెండోది పెట్టుకోవడం ఎంత సులువు అన్నదే చెబుతోంది.

ఒకప్పుడు ఇది సమస్యే కాదు. ఫోన్ అంచున చిన్న గాడి ఉండేది, అందులో గోరు పెట్టి లాగితే వెనక మూత టిక్కుటిక్కుమంటూ ఒక్కో కొక్కెమే ఊడి చేతికొచ్చేది. లోపల గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బ్యాటరీ, దాని ఒక అంచున బంగారు పూత పూసిన మూడు నాలుగు చిన్న పలకలు: ఒకటి ప్లస్, ఒకటి మైనస్, మిగతావి బ్యాటరీ వేడి ఎంతుందో, అది ఏ రకమో ఫోన్‌కి చెప్పడానికి. ఫోన్ వైపు స్ప్రింగ్ పిన్నులు. పాతది తీసి కొత్తది నొక్కి మూత వేస్తే అరనిమిషం పని. ఫోన్ హ్యాంగ్ అయితే బ్యాటరీ తీసి పెట్టడం, నీళ్లలో పడితే ముందు బ్యాటరీ లాగేయడం అందరికీ తెలిసిన వైద్యం. ఫోన్ నిజంగా ఆగిపోయిందని నూటికి నూరుపాళ్లు నమ్మకంగా తెలియాల్సిన వాళ్లకి కూడా బ్యాటరీ చేతిలో ఉండటాన్ని మించిన రుజువు లేదు.

2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌లో మూతే లేదు, బ్యాటరీ వైర్లు బోర్డుకి సోల్డర్ చేసి ఉండేవి. అప్పట్లో అది పెద్ద లోపంగానే చెప్పుకున్నారు. అయినా మిగతా కంపెనీలన్నీ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. 2016లో వచ్చిన ఎల్‌జీ వీ20 తర్వాత పెద్ద కంపెనీల ఖరీదైన మోడళ్లలో గోరుతో తీసే బ్యాటరీ దాదాపుగా కనిపించలేదు.

ఎందుకిలా అని అడిగితే అందరూ మొదట చెప్పే జవాబు నీళ్లు. మూత తెరుచుకునే ఫోన్‌లోకి నీళ్లు పోతాయి, అందుకే మూసేశారు అంటారు. ఈ మాట సగమే నిజం. 2014 నాటి గెలాక్సీ ఎస్5 వెనక మూత చేత్తో ఊడి వచ్చేది, బ్యాటరీ చేత్తో తీయొచ్చు, అయినా దానికి ఐపీ67 రేటింగ్ ఉంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. మూత లోపలి వైపు సన్నటి రబ్బరు అంచు ఉండేది, అదే నీళ్లని ఆపేది. ఆ మరుసటి ఏడు వచ్చిన గెలాక్సీ ఎస్6ని పూర్తిగా మూసేశారు. మరి దానికి నీటి రేటింగ్ ఉందా? లేదు. పైగా బ్యాటరీ నిల్వ సామర్థ్యం 2800 ఎంఏహెచ్ నుంచి 2550కి తగ్గింది. ఫోన్ మందం మాత్రం 8.1 మిల్లీమీటర్ల నుంచి 6.8కి తగ్గింది, వెనక గాజు వచ్చింది. అంటే ఆ మోడల్‌లో మూత పోయింది నీళ్ల కోసం కాదు, సన్నదనం కోసం, చేతిలో పట్టుకుంటే ఖరీదైన వస్తువులా అనిపించడం కోసం. నీటి రేటింగ్ తర్వాతి ఏడు ఎస్7తో తిరిగొచ్చింది.

అయితే రబ్బరు అంచుకి దాని బలహీనత దానికుంది. మూత ఒక మూల సరిగ్గా నొక్కకపోయినా, అంచు మీద ఒక వెంట్రుక పడినా నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి. ఎస్5 కూడా మూత గట్టిగా వేశారో లేదో చూసుకోమని స్క్రీన్ మీద గుర్తుచేసేది. జిగురుతో మూసిన ఫోన్‌లో ఆ బాధ్యత వాడేవాళ్ల మీద ఉండదు, ఫ్యాక్టరీలోనే పని అయిపోతుంది. రోజూ తీసి వేసే మూతకి ఇది నిజమైన ఇబ్బందే, కాదనలేం. కానీ మూడేళ్లకి ఒకసారి తీసే మూతకి ఇది ఇబ్బందే కాదు, ఆ ఒక్కసారి రబ్బరు కొత్తది వేసి జాగ్రత్తగా బిగిస్తే చాలు. 2022లో శాంసంగే తెచ్చిన ఎక్స్‌కవర్6 ప్రో చూడండి, చేత్తో తీసే బ్యాటరీ, ఐపీ68 రేటింగ్, రెండూ ఒకే ఫోన్‌లో ఉన్నాయి. దాని మందం దాదాపు 10 మిల్లీమీటర్లు. మోయక తప్పని బరువేదైనా ఉంటే అది ఆ మిల్లీమీటర్లే.

మందం సంగతి మాత్రం తేలిగ్గా కొట్టిపారేయకూడదు. చేత్తో పట్టుకుని తీసే బ్యాటరీకి గట్టి పెట్టె కావాలి, లేకపోతే గోరు గుచ్చుకున్నా వంగినా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంట పుడుతుంది. ఆ పెట్టె, దాని చుట్టూ ఫోన్‌లో కట్టిన గోడ, పైన మూత, ఇవన్నీ కలిసి తినే చోటు చిన్నదేం కాదు. మూసేసిన ఫోన్‌లో మెత్తటి పొట్లం లాంటి సెల్ సరాసరి ఫ్రేమ్‌కి అతుక్కుని ఉంటుంది, ఉన్న జాగానంతా వాడుకుంటుంది, 2017 నాటి ఐఫోన్ 10లో లాగా ఎల్ ఆకారంలో కూడా అమర్చొచ్చు. అదే మందంలో ఎక్కువ చార్జ్ దొరుకుతుంది. ఫాస్ట్ చార్జింగ్ కూడా ఒక చిక్కే: స్ప్రింగ్ పిన్నులు ఊరికే తాకి ఉంటాయి, వాటి గుండా ఎక్కువ కరెంట్ పంపితే ఆ తాకిడి దగ్గరే వేడి పుడుతుంది, కాలం గడిచి దుమ్ము చేరితే ఇంకా పుడుతుంది, బిగించిన కనెక్టర్‌కి ఆ గొడవ తక్కువ. ఇక ఈ మధ్య వస్తున్న, గ్రాఫైట్ వైపు సిలికాన్ కూడా కలిపే సిలికాన్ కార్బన్ బ్యాటరీల్లో ఇంకో విషయం ఉంది. సిలికాన్ చార్జ్ అయినప్పుడు గ్రాఫైట్ కంటే చాలా ఎక్కువ ఉబ్బుతుంది, కాబట్టి ఆ ఉబ్బుకి చోటు, ఆ ఒత్తిడికి ఆసరా ముందే లెక్కగట్టి పెట్టుకోవాలి, చేతిలోకి తీసే పెట్టెలో అది ఇంకా కష్టం.

ఇన్ని చెప్పాక కూడా ఒక విషయం తేలకుండానే ఉండిపోతుంది, ఈ చర్చంతా దారి తప్పేది కూడా అక్కడే. 'మార్చుకోగల బ్యాటరీ' అన్న ఒకే మాటతో జనం రెండు వేరువేరు సంగతులు మాట్లాడుతున్నారు. ఒకటి, జేబులో రెండో బ్యాటరీ పెట్టుకుని సాయంత్రం అది మార్చడం. రెండోది, మూడేళ్లకి ఒకసారి ఇంట్లో కూర్చుని స్క్రూడ్రైవర్‌తో పావుగంటలో మార్చడం. మొదటిదాని అవసరం చాలామందికి తీరిపోయింది, పవర్ బ్యాంక్ ఉంది, అరగంటలో సగానికి పైగా ఎక్కించే చార్జర్లు ఉన్నాయి. షిఫ్ట్ మీద షిఫ్ట్ ఒకే ఫోన్ వాడే గిడ్డంగుల్లో, అంబులెన్సుల్లో పనిచేసేవాళ్లకి అది ఇప్పటికీ కావాలి, ఎక్స్‌కవర్ లాంటివి ఉన్నది వాళ్ల కోసమే. మిగతా అందరికీ కావాల్సింది రెండోది. పైన చెప్పిన అభ్యంతరాల్లో గట్టి పెట్టె, స్ప్రింగ్ పిన్నులు, రోజూ తెరిచే మూత, ఇవన్నీ మొదటిదానికి వర్తిస్తాయి. రెండోదానికి దాదాపు ఏదీ వర్తించదు. మెత్తటి పొట్లమే ఉండొచ్చు, బిగించిన కనెక్టరే ఉండొచ్చు, కాకపోతే జిగురు బదులు స్క్రూలు, రబ్బరు ఉండాలి.

జిగురు ఉన్న ఫోన్ తెరవడం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ముందు వెనక గాజుని వేడి చేయాలి, చేత్తో ముట్టుకుంటే చురుక్కుమనేంత, లేకపోతే జిగురు మెత్తబడదు. మరీ ఎక్కువైతే లోపలున్న బ్యాటరీకే ముప్పు. రబ్బరు కప్పు అంటించి గాజుని వెంట్రుకవాసి పైకి లేపి, ఆ సందులోకి పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, అంగుళం అంగుళం జరుపుతూ చుట్టూ కోసుకు రావాలి. ముక్క రెండు మిల్లీమీటర్లు ఎక్కువ లోపలికి పోతే కాగితం మందం ఉండే ఫ్లెక్స్ కేబుల్ తెగుతుంది, దాంతో పవర్ బటనో వేలిముద్ర సెన్సరో పోతుంది. గాజు ఊడి వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. బ్యాటరీ కింద అంటించిన జిగురు వదలదు. స్పిరిట్ చుక్కలు పోసి, ప్లాస్టిక్ కార్డు దూర్చి పైకి ఎత్తుతుంటే ఆ పొట్లం మధ్యలో వంగుతుంది, వంగిన చోట లోపలి పొర చిరిగితే పొగ, మంట. పనితనం ఉన్న మెకానిక్‌కి కూడా ఆ క్షణంలో టెన్షన్ తప్పదు. ఇదంతా అయ్యాక మళ్లీ కొత్త జిగురు వేసి మూసిన ఫోన్‌కి మొదట ఉన్న నీటి రక్షణ ఉంటుందన్న నమ్మకం లేదు. ఏ నీటి రక్షణ కోసం మూశామని చెప్పారో, ఒకసారి తెరవగానే అదే పోతోంది.

ఇందులో ప్రకృతి నియమం అంటూ ఏమీ లేదు, డిజైన్ చేసేవాళ్లు తలుచుకుంటే మారుతుంది. 2024లో ఐఫోన్ 16లో యాపిల్ ఒక కొత్త జిగురు వాడింది, మామూలు 9 వోల్టుల బ్యాటరీ తీగలు దానికి తగిలించి సుమారు నిమిషంన్నర ఉంచితే ఆ జిగురు దానంతట అదే పట్టు వదులుతుంది. ఫెయిర్‌ఫోన్ అయితే 2023 నాటి తన అయిదో మోడల్ వరకు చేత్తో తీసే బ్యాటరీయే ఇచ్చి, 2025 మోడల్‌లో స్క్రూలతో బిగించే పద్ధతికి వచ్చింది. మరమ్మతు కోసమే పుట్టిన కంపెనీ కూడా గోరు నుంచి స్క్రూడ్రైవర్ వైపు జరగడం చూస్తే, సరైన చోటు ఇదేనేమో అనిపిస్తుంది.

భద్రత విషయంలో రెండు వైపులా బలమైన మాటలున్నాయి. చేత్తో మార్చుకునే రోజుల్లో డూప్లికేట్ బ్యాటరీల బెడద విపరీతం. పైన స్టిక్కర్ ఒరిజినల్‌లాగే ఉంటుంది, రాసిన ఎంఏహెచ్ ఒకటి లోపల ఉన్నది ఇంకొకటి, ఎక్కువ చార్జ్ కాకుండా ఆపే చిన్న సర్క్యూట్ నాసిరకం. జేబులో తాళంచెవుల పక్కన వదులుగా పడేసిన బ్యాటరీ పలకలు షార్ట్ అయి కాలే ప్రమాదం కూడా ఉంది. దీనికి ఎదురుగా రెండు సంఘటనలు పెట్టి చూడాలి. 2007లో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల్లో ఒక తయారీదారు చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కే అవకాశం ఉందని తేలింది. జనం మూత తీసి బ్యాటరీ మీద నంబర్ చూసుకున్నారు, కంపెనీ కొత్త బ్యాటరీ ఇస్తానంది, ఫోన్ మాత్రం చేతిలోనే ఉంది. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు కాలడం మొదలైనప్పుడు బ్యాటరీ ఒక్కటే వెనక్కి ఇచ్చే దారి లేదు. ఫోన్లు ఫోన్లే వెనక్కి తీసుకున్నారు, మార్చి ఇచ్చినవి కూడా కాలాయి, చివరికి ఆ మోడలే ఆగిపోయింది. పోతే, బ్యాటరీ ఉబ్బినప్పుడు మూత ఉన్న ఫోన్‌లో వెనక మూత తన్నుకొచ్చి వెంటనే తెలుస్తుంది, తీసి పక్కన పెట్టొచ్చు. మూసిన ఫోన్‌లో అది స్క్రీన్‌ని లోపలి నుంచి పైకి నెడుతుంది, ఒక అంచున వెలుతురు సందు కనిపించేదాకా చాలామంది గమనించరు.

డబ్బు లెక్క కూడా మాట్లాడుకోవాలి. 2017 డిసెంబర్‌లో యాపిల్ ఒక సంగతి ఒప్పుకుంది: అరిగిన బ్యాటరీలున్న ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వాటి వేగం సాఫ్ట్‌వేర్‌తో తగ్గించామని. బ్యాటరీ మారిస్తే ఫోన్ మళ్లీ వేగంగా నడుస్తుందని అప్పటిదాకా చాలామందికి తెలియదు. గొడవ పెద్దదై, వారంటీ దాటిన ఫోన్లకి బ్యాటరీ మార్పిడి ధరని 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2019 జనవరిలో యాపిల్ సీఈఓ టిమ్ కుక్ పెట్టుబడిదారులకి రాసిన లేఖలో అమ్మకాలు అనుకున్నంత రాకపోవడానికి చెప్పిన కారణాల్లో ఈ చౌక బ్యాటరీ మార్పిడి కూడా ఒకటి. బ్యాటరీ సులువుగా, చవగ్గా మారితే జనం పాత ఫోన్‌నే అట్టిపెట్టుకుంటారని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ప్రతి కంపెనీ కావాలనే కుట్ర చేసిందని అనక్కర్లేదు. సన్నటి ఫోన్ కావాలని కొనేవాళ్లు అడిగారు, జిగురు చవక, ఫ్యాక్టరీలో పని తేలిక, తర్వాత అమ్మకాలకీ నష్టం లేదు. ఇన్ని ఒకే వైపు లాగుతుంటే ఎదురు దిక్కుకి లాగేది చట్టం ఒక్కటే.

ఆ పని యూరోపియన్ యూనియన్ మొదలుపెట్టింది. 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి పరికరాల్లోని చిన్న బ్యాటరీలు వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. వేడి పెట్టాల్సిన అవసరం, ద్రావకాలు పోయాల్సిన అవసరం ఉండకూడదు, బజారులో దొరికే పనిముట్లతో పని జరగాలి, ప్రత్యేక పనిముట్టు కావాలంటే అది పరికరంతో పాటే ఉచితంగా ఇవ్వాలి, ఆ కంపెనీ దగ్గర మాత్రమే దొరికే పనిముట్టు అవసరం పడకూడదు. బయట బ్యాటరీ పెట్టగానే సాఫ్ట్‌వేర్‌తో అడ్డుపడటం కూడా కుదరదు. దీన్ని విని 'గోరుతో తీసే ఫోన్లు మళ్లీ వస్తున్నాయి' అని చాలామంది సంబరపడ్డారు, చట్టంలో ఆ మాట లేదు, స్క్రూలు ఉంటే సరిపోతుంది. పైగా 2025 జూన్ 20 నుంచి ఫోన్లకి, ట్యాబ్లెట్లకి అమల్లోకి వచ్చిన మరో నిబంధనలో ఒక పక్కదారి ఉంది: బ్యాటరీ 500 సైకిళ్ల తర్వాత కనీసం 83 శాతం, 1000 సైకిళ్ల తర్వాత కనీసం 80 శాతం నిల్వ నిలుపుకుంటే, ఫోన్ దుమ్మునీ మీటరు లోతు నీళ్లనీ అరగంట తట్టుకుంటే, మార్చే పనిని మెకానిక్‌కే వదిలేయొచ్చు. ఖరీదైన ఫోన్లు ఈ దారినే పోవడం సహజం. అది పూర్తిగా చెడ్డదేం కాదు, 1000 సైకిళ్లు నిలిచే బ్యాటరీ అంటే మార్చాల్సిన రోజే వెనక్కి జరిగినట్టు. కానీ చవక ఫోన్ కొన్నవాళ్లకి స్క్రూలు, ఖరీదైన ఫోన్ కొన్నవాళ్లకి జిగురు అన్నట్టు తయారైతే అది విడ్డూరమే.

చట్టంలో అంతగా ఎవరూ పట్టించుకోని వాక్యం ఇంకోటుంది, నిజానికి అన్నిటికంటే పనికొచ్చేది అదే. ఒక మోడల్ చివరి ఫోన్ మార్కెట్‌లోకి వచ్చాక కనీసం అయిదేళ్లు దాని బ్యాటరీలు విడిగా, న్యాయమైన ధరకి దొరకాలి. పాత మూతల ఫోన్లు ఎందుకు మూలన పడ్డాయో గుర్తుచేసుకుంటే ఈ వాక్యం విలువ తెలుస్తుంది. మూత తెరుచుకునేది, బ్యాటరీ చేతికొచ్చేది, కానీ పెట్టడానికి ఒరిజినల్ ఎక్కడా దొరికేది కాదు. దొరికినా అది ఎప్పుడో తయారై గోదాములో పడి ఉన్నదే. బ్యాటరీ వాడకపోయినా అరుగుతుంది కాబట్టి సీల్ తీయని కొత్త పెట్టెలో ఉన్నది కూడా సగం ముసలిదే అయి ఉండొచ్చు. అందుకే విడి బ్యాటరీ కొనేటప్పుడు ఎంఏహెచ్ కంటే ముందు దాని మీద తయారీ తేదీ వెతకాలి, అది లేని బ్యాటరీని పక్కన పెట్టేయాలి.